కిటికీకి కుట్టిన మెత్త

మా అత్తయ్య ప్రాణం తీయబోయింది ఒక మెత్త. లోపల పాత దుప్పటి, పైన కోటు లైనింగ్ గుడ్డ, చుట్టూ ముచ్చటైన పైపింగ్. దాన్ని కుట్టింది ఎవరో పరాయివాళ్ళు కాదు, మా మామయ్య. గుడ్డముక్క మనిషిని చంపుతుందా అని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అడిగాను, ఆసుపత్రి వరండాలో నోరు వెళ్ళబెట్టి.

మామయ్య దర్జీ. కోట్లు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన కంట చిరుగు పడిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. ఒకసారి మా ఆయన స్నేహితుడు భోజనానికొస్తే, అతని మోచేతి దగ్గర కుట్టు వీడిందని కంచం ముందే "ఓసారి చొక్కా విప్పు బాబూ" అన్న ఘనుడు. పాపం ఆ అబ్బాయి బనీనుతోనే అన్నం తిని వెళ్ళాడు.

చవగ్గా వచ్చిందని మేము కొన్న ఇల్లు మామయ్య కంటే వయసులో పెద్దది. గోడలు దిట్టమైనవే గానీ, తలుపులు ఎండి బీటలిచ్చాయి, కిటికీ చెక్కలు వంకర్లు పోయాయి. చలికాలం వస్తే గాలి అడిగేవాడు లేనట్టు గదిగదికీ తిరిగేది. హీటర్ పెడితే వేడంతా వీధిపాలు. కరెంటు బిల్లు చూసి మా ఆయన గుడ్లు తేలేశారు.

మామయ్య మాత్రం నింపాదిగా, "ఇల్లూ కోటు లాంటిదేనమ్మా. గాలి దూరే చోట నాలుగు కుట్లు వేస్తే సరి" అన్నారు.

అన్నంత పనీ చేశారు. కత్తిరింపు ముక్కలు కూరిన గుడ్డ గొట్టాలు ప్రతి తలుపు కిందా పడ్డాయి. కిటికీ సందులకు మందపాటి పట్టీలు వచ్చాయి. తాళం చెవి కన్నానికి కూడా జేబు మూతలాంటిది కుట్టి అతికించారు. నవ్వుకున్నా ఒప్పుకోవాలి, ఇల్లు నిజంగానే వెచ్చబడింది. హీటర్ వాడకం సగానికి పడిపోయింది. ఇక మామయ్యకు పట్టపగ్గాలు లేవు. వెలుగుతున్న బల్బు చూస్తే ఆర్పేవారు. ఎవరైనా స్నానంలో వేడినీళ్ళు ఎక్కువసేపు వదిలితే కత్తెర పిడితో తలుపు మీద టకటకా కొట్టేవారు. అత్తయ్య అయితే లోపలినుంచి చెంబుతో అంతకంటే గట్టిగా కొట్టేవారు. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళ సరసం అదే.

చివరికి బాత్రూమ్, మా పిల్లల గదిలో పైనున్న చిన్న కన్నం మిగిలాయి. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది, మాకంటే ముందున్నవాళ్ళు బిగించి వదిలేసి వెళ్ళింది. దానికి పైన చిన్న వెంటిలేటర్, అద్దం ఎప్పుడో పగిలిపోయింది. అత్తయ్యకు చలి అస్సలు పడదు. స్నానం చేసి వచ్చారంటే పళ్ళు కొట్టుకుంటూ అరగంట సేపు ముడుచుకుని కూర్చునేవారు. మామయ్య నోటితో ఒక్క మంచి మాట అనరు గానీ, అది చూడలేకపోయేవారు. అందుకే ఆ మెత్త కుట్టారు. అత్తయ్యకు తెలియకుండా వెంటిలేటర్లో అంగుళం కూడా సందు లేకుండా బిగించారు. తలుపు కింద గొట్టం అప్పటికే ఉంది.

మర్నాడు పొద్దున్న అత్తయ్య తువ్వాలు భుజాన వేసుకుని, "ఇల్లంతా కుట్టేశారు. ఇక నా నోరొక్కటే మిగిలింది, అదీ కుట్టెయ్యండి" అని స్నానానికి వెళ్ళారు. మామయ్య నావైపు కన్నుగీటారు. "మెత్త చూడనీ. ఇవాళ మీ అత్తయ్య చేత మంచి మాట అనిపించకపోతే నా పేరు మార్చుకుంటా."

నేను వంటింట్లో పనిలో పడ్డాను. నీళ్ళ చప్పుడు ఆగలేదు. మామయ్య లేచి వెళ్ళి కత్తెర పిడితో కొట్టారు. జవాబు లేదు. మళ్ళీ కొట్టారు. అప్పుడూ లేదు.

"మెచ్చుకోవాల్సి వస్తుందని నోరు కుట్టేసుకుంది!" అని నవ్వుతూ వచ్చి కూర్చున్నారు.

నాకు నవ్వు రాలేదు. బకెట్ నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. చుక్క వేడినీళ్ళు వృథా అయితే మామయ్యతో సమానంగా గింజుకునే మనిషి అత్తయ్య. బకెట్ పొర్లుతుంటే చూస్తూ కూర్చుంటారా? "ఏమండీ, తలుపు పగలగొట్టండి!" అని అరిచాను.

మా ఆయన భుజంతో గుద్దితే గడియ ఊడింది. లోపల ఆవిరి, వెచ్చదనం. అంత వెచ్చగా ఆ గది ఎన్నడూ లేదు. బకెట్ పక్కన అత్తయ్య ఒరిగిపోయి ఉన్నారు, ముఖం ఎర్రగా కమిలిపోయింది. మా ఆయన ఆవిణ్ణి బయటికి లాగి తనూ తూలి గోడకు చేరగిలబడ్డారు. నేను ఊపిరి బిగబట్టి గీజర్ ఆపి, ఇంట్లో కిటికీలన్నీ తెరిచాను. పట్టీలు చిరిగాయి, గోళ్ళు విరిగాయి, ఏదీ తెలియలేదు. మామయ్య ఆవిడకు దుప్పటి కప్పుతూ, "ఏమే, ఏమే" అని అదే మాట అంటున్నారు.

అంబులెన్సులో ఆక్సిజన్ పెట్టినతను అడిగాడు. "గ్యాస్ గీజరా? కిటికీ లేదా ఆ గదికి?"

"ఉంది. నేను కుట్టేశాను" అన్నారు మామయ్య.

అతనికి అర్థం కాలేదు. "కిటికీని కుట్టడమేమిటి పెద్దాయనా?"

మామయ్య రెండు చేతులూ చూపించారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. గీజర్ మండటానికి గాలి కావాలి, దాని పొగ పోవడానికి దారి కావాలి. రెండూ మూసేస్తే విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. "ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదు" అంది. నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను. మామయ్య కూర్చోలేదు. గోడకు ఆనుకోనూ లేదు. కొయ్యబారిపోయి నిలబడ్డారు.

సాయంత్రానికి అత్తయ్య కళ్ళు తెరిచారు. మాస్క్ తీశాక మామయ్యను దగ్గరికి రమ్మని సైగ చేశారు. గొంతు పీలగా ఉంది.

"ఆ మెత్త మీరే కుట్టారు కదూ? ఈ ఇంటికొచ్చాక మొదటిసారి చలి లేకుండా నీళ్ళు పోసుకున్నానండీ. బయటికొచ్చి చెబుదామనుకున్నా. ఇంతలో కళ్ళు తిరిగాయి."

మామయ్య మంచం పట్టీ మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చారు. అత్తయ్య నావైపు తిరిగి నీరసంగా నవ్వారు. "చూశావా? ఒక్కసారి మెచ్చుకుంటేనే ఇలా అయిపోతారు. అందుకే మెచ్చుకోను." చెయ్యి చాచి ఆయన తల నిమరసాగారు. "పిల్లల గదిలోనూ పైన కన్నం ఉంది కదండీ. దానికీ ఒకటి కుట్టండి."

మామయ్య తలెత్తకుండానే చెప్పారు. గీజర్ సంగతి, వెంటిలేటర్ సంగతి, తలుపు కొట్టి నవ్వుకుంటూ వచ్చి కూర్చున్న సంగతి, అన్నీ చెప్పారు.

అత్తయ్య చెయ్యి ఆయన తల మీదే ఆగిపోయింది. చాలాసేపటి దాకా ఆవిడ దాన్ని తీయలేదు, నిమరనూ లేదు.