పోయినేడాది వాగ్దానం

ఆ రోజుల్లో నాకు తెలిసిన ప్రతి విషయమూ లోకానికి అత్యవసరమని నమ్మేవాణ్ని. నోయిడాలో ఒక కంపెనీ కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగం, వైశాలిలో ఒంటిగది, ఆదివారమైతే ఆర్.కె. పురంలో బడి హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే మా తెలుగు ఆరాధన. ఇంతే నా ప్రపంచం. దేవుడు నన్ను ఢిల్లీకి రప్పించింది మా సంఘం లాప్‌టాప్‌ను కాపాడడానికేనని నాకు గట్టి నమ్మకం. (సంఘానికి మాత్రం దేవుడు ఆ కబురు పంపినట్టు లేదు.)

ఆ లాప్‌టాప్‌లో ముఖ్యంగా రెండు ఉండేవి. ఒకటి, పాస్టర్‌గారు రాసిపెట్టుకున్న ప్రార్థన విన్నపాలు: ఎవరి భర్త తాగి వస్తున్నాడు, ఎవరి కోడలు మాట్లాడడం లేదు, ఎవరి ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. రెండోది, టైపింగ్ ఆంటీ పాటలు. ఆవిడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో స్టెనో. ఢిల్లీలో పుట్టిన మా పిల్లలకు తెలుగు వింటే అర్థమయ్యేది గానీ చదవడం రాదు. అందుకని ఆవిడ మన తెలుగు పాటలన్నీ హిందీ అక్షరాల్లో, ఏడాదిపాటు మధ్యాహ్నం భోజనం వేళల్లో కూర్చుని టైపు చేసింది. వాటిని ప్రొజెక్టర్‌తో గోడమీద వేస్తే పిల్లలు గొంతెత్తి పాడేవారు.

మా కంపెనీ లాప్‌టాప్‌లన్నిటికీ అప్పుడప్పుడే ఎన్‌క్రిప్షన్ పెడుతున్నారు. అంటే, పాస్‌వర్డ్ కొట్టందే హార్డ్‌డిస్కు తెరుచుకోదు, అసలు కంప్యూటరే మొదలవదు. ఈ విద్య నేర్చిన వారానికే కమిటీ ముందు ఉపన్యాసం ఇచ్చాను. "మన పాటలు ఎవరెత్తుకుపోతారు బాబూ? ఎత్తుకుపోయినవాడు పాడుకుంటే మంచిదేగా," అన్నారు పాస్టర్‌గారు. అప్పుడు ప్రార్థన విన్నపాల సంగతి ఎత్తాను. వెనక వరసలో ఆడవాళ్లంతా ఒక్క గొంతుతో నన్ను బలపరిచారు.

మా కానుకల పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురు పెద్దల దగ్గర. కాబట్టి పాస్‌వర్డ్ కూడా మూడు ముక్కలు కావాలన్నారు. పాస్టర్‌గారిది ఒకటి, మిలిటరీలో రిటైరైన సుబేదార్ అంకుల్‌ది ఒకటి, మయూర్ విహార్‌లో ఉండే సెక్షన్ ఆఫీసర్ అంకుల్‌ది ఒకటి. ఒక్కొక్కరూ తమకిష్టమైన బైబిలు వాక్యం ఉన్న పుస్తకం పేరూ, అధ్యాయం, వచనం అంకెలూ కొట్టాలి, ఇంకొకరికి చెప్పకూడదు. ఆ నవంబరు నుంచి ప్రతి ఆదివారం ఆరాధనకు ముందు ఇంకో ఆరాధన. ఒకరు కొడుతుంటే మిగతా ఇద్దరూ, నేనూ గోడవైపు తిరిగి నిలబడేవాళ్లం. టైపింగ్ ఆంటీ దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాటల నకలు కూడా నేనే చెరిపించాను, దానికి తాళం లేదని. "ఇందులో భద్రమేనా నాన్నా?" అంది. "బ్యాంకులో ఉన్నట్టే ఆంటీ," అన్నాను.

జనవరి మొదటి ఆదివారం. అందరూ డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకున్న వాగ్దానం చీటీలు ఒకరికొకరు చూపించుకుంటున్నారు, ఈ ఏడాది దేవుడు తమకిచ్చిన వాక్యం ఇదని. ముగ్గురు పెద్దలూ వరసగా వచ్చి కొట్టారు. నల్లటి తెరమీద పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది. మళ్లీ కొట్టారు. మళ్లీ అదే. సుబేదార్ అంకుల్ ఉన్ని గ్లవ్స్‌తో కొడుతున్నారని గమనించి విప్పించాను. "పటాలంలో ఈ చేతుల్తోనే మెషిన్‌గన్ విప్పి బిగించానయ్యా," అని గొణుగుతూ విప్పారు. ఫలితం లేదు. "నా వాక్యం నాకు తెలియదా?" అన్నారు ముగ్గురూ, ముగ్గురూ నిజాయితీగానే. ఆ మాట మీద అనుమానం పెట్టుకునే ధైర్యం నాకు లేదు. అందుకని హార్డ్‌డిస్కును అనుమానించాను.

వారమంతా దానితోనే కాపురం. బ్యాటరీ తీసి పెట్టాను. చలికి బిగుసుకుందేమోనని డాబామీద ఎండలో కూర్చోబెట్టాను. డిస్కు ఊడదీసి ఆఫీసు కంప్యూటర్‌కు తగిలిస్తే అది మర్యాదగా, ఈ డిస్కు ఖాళీగా ఉంది, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. వేడి పెనం తాకినట్టు చెయ్యి లాక్కున్నాను. నెహ్రూ ప్లేస్ దుకాణంలో భయ్యా కూడా, "ఫార్మాట్ మార్ దేతే హై, నయా హో జాయేగా," అన్నాడు. కొత్తది అవుతుంది, సరే. రాబోయేది పిల్లల ఆదివారం. పిల్లలు పాడాల్సిన పాటలన్నీ ఆ డిస్కులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవు, నా పుణ్యమా అని.

శనివారం సాయంత్రం ఓడిపోయి, ఫార్మాట్‌కు అనుమతి అడగడానికి సెక్షన్ ఆఫీసర్ అంకుల్ ఇంటికి వెళ్లాను. కమిటీ కార్యదర్శి ఆయనే.

"ఫార్మాట్ అంటే?"

"అన్నీ పోతాయి అంకుల్."

"టైపింగ్ ఆవిడ పాటలు?"

"అవి కూడా."

ఆయన ముఖం ఎర్రబడింది. "అసలు నిన్నెవరు తాళం వెయ్యమన్నారయ్యా? ఈ వయసులో మమ్మల్ని గోడకు తిప్పి నిలబెట్టి..."

"ఏమండీ," అంది వాళ్లావిడ వంటింట్లోంచి. "మాటకు నిదానం, కోపానికి నిదానం."

"అది పోయినేడాది వాగ్దానం. డిసెంబరుతో అయిపోయింది. ఈ ఏడాది నాకు వేరే వచ్చింది," అన్నారాయన, శిక్ష పూర్తిచేసుకుని బయటికొచ్చిన మనిషిలా.

నా చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. "అంకుల్, కంప్యూటర్లో మీరు కొట్టేది వాగ్దానమా? ఏ వాక్యమో చెప్పొద్దు. పోయిన ఆదివారం కొట్టింది ఏ ఏడాదిది?"

"ఈ ఏడాదిదే. అరణ్యంలో దేవుడు ఏ రోజు తిండి ఆ రోజే కురిపించాడు. నిన్నటి మన్నా ఇవాళ తింటారా? పురుగు పడుతుంది."

సండే స్కూల్లో ఏటా బహుమతి కొట్టినవాణ్ని, అయినా బైబిలు వదిలి హార్డ్‌డిస్కు పక్షమే మాట్లాడాను. "తాళం పాతది కదా అంకుల్," అన్నాను నీరసంగా.

"అచ్ఛా. మరి ఆ ముక్క ముందే చెప్పాలి కదా. అయినా పాతదాని అంకెలు నాకు గుర్తు లేవే."

"నాకు గుర్తున్నాయి," అంది ఆవిడ.

"నీకెలా తెలుసు? అది రహస్యం."

"ఏడాదంతా మీకు వినిపించింది నేనే కదండీ." ఆవిడ ఆయన చెవిలో చెబుతుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. అలవాటైపోయింది.

మిగతా ఇద్దరూ ఉంటేగానీ పరీక్షించడానికి లేదు. మర్నాడు పొగమంచులో బస్సులు పాకుతున్నాయి, నేను దారంతా ప్రార్థనలోనే ఉన్నాను. పాస్టర్‌గారు కొట్టారు. సుబేదార్ అంకుల్ గ్లవ్స్ విప్పి కొట్టారు. సెక్షన్ ఆఫీసర్ అంకుల్ ఒంటివేలితో, ఒక్కో అక్షరాన్నీ క్షమిస్తున్నట్టు, కొట్టారు. తెర క్షణం నల్లగా ఉండిపోయింది. తర్వాత మెల్లిగా వెలిగింది. వెనక నిలబడిన టైపింగ్ ఆంటీ హ్యాండ్‌బ్యాగులోంచి ఖాళీ పెన్‌డ్రైవ్ తీసి నా అరచేతిలో పెట్టింది. "నీ తాళం నువ్వుంచుకో నాన్నా. నాకూ ఒక నకలు ఎక్కించు." ఎక్కించేదాకా పక్కనుంచి కదల్లేదు. బయట పిల్లలు అప్పటికే శ్రుతి చూసుకుంటున్నారు.

ఆ ఏడాది ప్రతి ఆదివారం సెక్షన్ ఆఫీసర్ అంకుల్ చేత ఆ వాక్యం కంప్యూటరే కొట్టించింది. "నేర్చుకోని పాఠం దేవుడు మళ్లీ చదివిస్తాడు," అనేది వాళ్లావిడ తృప్తిగా.

ఇప్పుడు నా తల నెరిసింది. పాస్‌వర్డ్‌లు మార్చుకోండి మహాప్రభో అని ఆఫీసు జనాన్ని బతిమాలడమే నా ఉద్యోగం. వాళ్లు విసుక్కుని, పాతదాని చివర ఒక అంకె తగిలించి ఊరుకుంటారు. ఎవరూ అడక్కుండానే, సంతోషంగా, మొత్తం మార్చేసిన మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను, ఆయన్నే పాతదానికి లాక్కొచ్చాను. ఇప్పటికీ ఏటా పళ్లెంలోంచి చీటీ తీసి, ఆ వాక్యాన్నే నా పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటాను. జనవరి మొదటి వారం కంప్యూటర్ ముందు కూర్చుంటే నా వేళ్లు మాత్రం పోయినేడాదిదే కొడతాయి. అది కాదంటుంది. పురుగు పట్టిందిరా అబ్బాయ్ అని నవ్వుకుంటూ, చెరిపేసి మళ్లీ కొడతాను.