రెండూ ఎడమ చేతులే

నేను చదివింది నాలుగో తరగతి వరకే. కూర్చుని ఇంత రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు, దీర్ఘాలు తప్పి ఉంటాయి, ఏమీ అనుకోకండి.

లాలాగూడలో మా ముందుగదిలో నేను జాకెట్లు కుట్టేదాన్ని. పక్కన చాప మీద కూర్చుని మా అత్తమ్మ హుక్కులు కుట్టేది. మిషన్ మీద దారం పదే పదే తెగితే నాకు చిరాకు వచ్చేది. పొద్దుగూకే దాకా దిగేది కాదు. అందుకే అత్తమ్మ ఒక పద్ధతి పెట్టింది. దారం మూడుసార్లు తెగితే ఆ పూట కత్తెర ముట్టకూడదు.

ఒకరోజు పొద్దున్నే పాలు పొంగిపోయాయి. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. దారం మూడుసార్లు తెగింది. ఎదురింటి వదిన జాకెట్ మర్నాటికి కావాలి, వాళ్లాయన రిటైర్మెంట్ ఫంక్షన్. జాకెట్ చేతులు కోయడానికి గుడ్డ పరిచాను.

"ఇప్పుడు కొయ్యకు బిడ్డా. జెర చాయ్ తాగు," అంది అత్తమ్మ.

"నువ్వు కుట్టేది హుక్కులే గదా. నాకు నేర్పకు," అన్నాను.

ఆమె సూది డబ్బాలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. పెళ్లయ్యాక ఆమెను అంత మాట అనడం అదే మొదలు. అయినా కోసేశాను. కుట్టబోతే తెలిసింది, రెండు ముక్కలూ ఎడమ చేతివే. ఒకదాన్ని తిరగేసి కోయడం మరిచాను. ఇంక గుడ్డ లేదు. దానికన్నా, అత్తమ్మ ఇంకా బయటికి రాలేదే అన్నది ఎక్కువ బాధ పెట్టింది.

వంటింట్లోకి వెళ్లాను. "అత్తమ్మా, రెండూ ఎడమవే కోసిన. నిన్ను సుత ఊకెనే మాటన్న."

ఆమె లేచింది. చెప్పులేసుకుని నాతో ఎదురింటికి వచ్చింది.

"మాతోని తప్పయింది బిడ్డా. చేతులు రెండూ ఎడమవే వచ్చినయ్," అని వదినకు చెప్పింది.

కోసింది నేను. ఆమె "మాతోని" అంది. నేను తల దించుకున్నాను.

వదిన నవ్వింది. "గట్లయితే మా ఆయనకు దండ ఏ చేతితోని ఎయ్యాలె?" అని ఆ జాకెట్ గుడ్డ కోసిన చీరే తెచ్చింది. "లోపల దోపుకునే కొన కోసుకోండి. ఎవరు చూస్తరు?"

ఇంటికొచ్చాక అత్తమ్మ చాప మీద కూర్చుని డబ్బా తెరిచింది. "నేను హుక్కులే కుడత గని, నువ్వు చాయ్ పెట్టు," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇప్పుడు మోటారు మిషన్ వచ్చింది, దారం అంతగా తెగదు. అత్తమ్మ లేదు. హుక్కులు నేనే కుట్టుకుంటాను. చిన్న చిన్నవాటికి చిరాకు మాత్రం ఇంకా వస్తుంది.

నాకు వచ్చినంత రాశాను. తప్పులు కనబడితే పెద్ద మనసుతో మన్నించండి.