ఒక్క పేరున్న హాజరు పట్టీ

తల్లి ప్రేమ గురించి సభల్లో మైకు పట్టుకుని మాట్లాడేవాళ్ళను ఒక్క పూట ఆక్లండ్‌లో, మౌంట్ ఆల్బర్ట్‌లోని ఆ గరాజులో కూర్చోబెట్టి ఉంటే బాగుండేది. 2004 ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అక్కడొక బడి నడిచింది. టీచరు అనంతలక్ష్మి. చదువుకునేది ఆమె కూతురు నిరుపమ, తొమ్మిదేళ్ళ పిల్ల. మూడో మనిషి లేరు.

అనంతలక్ష్మి బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పదకొండేళ్ళు లెక్కలు చెప్పింది. ఆమె వరండాలో నడిచొస్తుంటే రెండు క్లాసుల అల్లరి దానంతటదే అణిగేదని పేరు. భర్త ఉదయభాస్కర్ కంప్యూటర్ ఉద్యోగం మీద న్యూజిలాండ్ వచ్చాక, ఇక్కడ పాఠం చెప్పాలంటే ముందు ఇంగ్లీషు పరీక్ష నెగ్గాలన్నారు. రెండుసార్లు రాసింది. రెండుసార్లూ వ్యాసం దగ్గర అర మార్కు తక్కువైంది. ఆ తర్వాత ఎయిర్‌పోర్టు పక్కన గోడౌనులో సబ్బులు అట్టపెట్టెల్లో సర్దే పనికి కుదిరింది. అక్కడ ఆమె పేరు ఆనా.

నిరుపమ వెళ్ళే వీధి చివరి బడిలో నాలుగేళ్ళయినా ఎక్కాలు మొదలుపెట్టలేదు. లెక్క తప్పినా నవ్వు మొహం స్టిక్కర్ అంటించి పంపేవారు. ఉదయభాస్కర్‌కు కోపం వచ్చింది. అనంతలక్ష్మికి అవమానంగా తోచింది. ఆయన, తన ఆఫీసువాళ్ళ పిల్లలు చదివే ఒక ప్రైవేటు స్కూలు బ్రోషరు తెచ్చి ఫ్రిజ్‌కు అంటించాడు. దాని నిండా బ్లేజర్లు, పచ్చగడ్డి.

“బ్లేజరు తొడిగితే భిన్నాలొస్తాయా?” అంది అనంతలక్ష్మి.

“నువ్వు చెబితే వస్తాయేంటి? నిన్నిక్కడ టీచరని ఎవరన్నారు?”

ఆయన వేళాకోళంగానే అన్నాడు. ఆమె నవ్వలేదు. పిల్లను ఇంట్లోనే చదివించుకుంటామని విద్యాశాఖకు దరఖాస్తు పెట్టింది. ఏం చెబుతారో, ఎలా చెబుతారో రాసివ్వమంటే పద్నాలుగు పేజీలు రాసింది. అనుమతి రాగానే ఆ కాగితాన్ని సరిగ్గా బ్రోషరు మీదే అంటించింది. రిజిస్టరయిన బడిలో చెప్పినంత క్రమంగా, అంత బాగానూ చెప్పాలని అందులో ఒక షరతు ఉంది. అనంతలక్ష్మి దాన్ని షరతుగా చదవలేదు. ఈ దేశం తనను టీచరని ఒప్పుకున్న మాటగా చదువుకుంది.

గోడౌను మానేసింది. ప్లైవుడ్ చెక్కకు నల్లరంగు పూసి గరాజు గోడకు ఆనించింది. తొమ్మిదింటికల్లా ఇస్త్రీ చీరలో వచ్చి స్టీలు పళ్ళెం మీద గరిటెతో గంట కొట్టేది. పొడుగాటి నోటుబుక్కులో హాజరు పట్టీ గీసింది. అందులో ఉన్నది ఒకటే పేరు.

“నిరుపమ.”

“ప్రెజెంట్, మమ్.”

“నిరుపమ.”

“ప్రెజెంట్, టీచర్.”

బడి వేళల్లో అమ్మ ఉండదు. అది మొదటి రోజున పెట్టిన నియమం.

పక్కింటి ప్రేమలీలది రెస్ట్ హోంలో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగం. తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. ఒకరోజు కంచె మీదుగా అంది: “ఒక్క స్టూడెంటేంటి అక్కా, పాపం. కాపీ కొడదామన్నా పక్కన దిక్కులేదు.”

“అందుకే బాగా చదువుద్ది.”

చదివింది కూడా. ఏప్రిల్‌కల్లా పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పింది. భిన్నాల దగ్గరికొచ్చి ఆగిపోయింది. సగానికి మూడో వంతు కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కూడి ఐదింట రెండు అని రాసేది. “సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గుద్దా? బుర్ర ఎక్కడ పెట్టావు? నిలబడు.” జూన్ అక్కడ చలికాలం, గరాజు సిమెంటు నేల మంచుగడ్డలా ఉండేది. పిల్ల అరగంట నిలబడేది. ఏడ్చేది కాదు. టీచరు దాన్ని క్రమశిక్షణ అనుకుంది. అమ్మ ఏమనుకునేదో తెలియదు, నియమం ప్రకారం అమ్మ అక్కడ లేదు.

మూడింటికి గంట కొట్టగానే నిరుపమ కంచె సందులోంచి దూరి ప్రేమలీల ఇంటికి పోయేది. ఆటకనుకుంది అనంతలక్ష్మి.

ఆగస్టులో విద్యాశాఖ నుంచి ఇంకో కాగితం వచ్చింది. ఆరు నెలలకోసారి వచ్చేదే. బడిలో చెప్పినంత బాగా చెబుతున్నానని ప్రకటించి సంతకం పెట్టాలి. దాన్ని బల్ల మీద పరిచి, సంతకం సాయంత్రం తీరిగ్గా పెట్టొచ్చులెమ్మని, ప్రేమలీల గిన్నె ఒకటి ఉంటే ఇచ్చిరావడానికి బయల్దేరింది. పెరటి మెట్టు ఎక్కబోతుంటే లోపలినుంచి మాటలు వినిపించాయి.

“ఇవాళ కూడా నిలబెట్టిందా మీ టీచరు?”

“ఊఁ. టూ అవర్స్.”

అరగంటే. పిల్లలు పెంచి చెబుతారని అనంతలక్ష్మికి తెలుసు. అలాంటి చాడీలు నమ్మి స్కూలు మీదికొచ్చిన తల్లులను ఎందరినో ఆమె సర్దిచెప్పి పంపింది.

“అయ్యో. కాళ్ళు నొప్పెట్టాయా తల్లీ?”

“లిటిల్ బిట్. షీ ఈజ్ సో మీన్, ఆంటీ.”

“మరి మీ అమ్మకి చెప్పరాదూ?”

బిస్కెట్టు నమిలే చప్పుడు. తర్వాత పిల్ల గొంతు, అంత చిన్న సంగతి పెద్దవాళ్ళకు తెలియనందుకు విసుగ్గా: “మమ్‌కి చెప్తే టీచర్‌కి తెల్సిపోద్ది కదా.”

అనంతలక్ష్మి గిన్నె మెట్టు మీద పెట్టి వెనక్కి వచ్చేసింది. సంతకం పెట్టలేదు.

“ఆ స్కూల్లో వేద్దాం,” అంది భర్తతో.

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా,” అని సంతోషించాడు ఉదయభాస్కర్. కారణం అడగలేదు. “ఫీజుకి మళ్ళీ నువ్వు పనిలోకెళ్ళాలి మరి.”

“వెళ్తాలే.”

అక్టోబరులో నిరుపమ బ్లేజరు తొడుక్కుంది. గోడౌనులో ఈసారి సాయంత్రం షిఫ్టు మాత్రమే దొరికింది. పిల్ల మూడున్నరకు ఇంటికొస్తే, నాలుగింటికి పనివాళ్ళ వ్యాను వచ్చి హారన్ కొడుతుంది. తర్వాత పిల్ల ప్రేమలీల ఇంట్లో ఉంటుంది. తల్లీకూతుళ్ళకు మిగిలింది ఆ అరగంట.

“మీ టీచరేమంది ఇవాళ?”

“నథింగ్. షీ ఈజ్ గుడ్.”

ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన అధికారికి చెప్పినట్టు చెప్పేది. వంటింట్లోంచి పేరు పెట్టి పిలిస్తే సోఫాలోంచి లేచి నిటారుగా నిలబడేది. “కూర్చో అమ్మా” అంటే కూర్చునేది, చెప్పింది చేసినట్టు.

నవంబరులో ఒకరోజు నిరుపమ బ్యాగు విసిరేసి వంటింట్లోకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “మమ్, మిస్ నా మీద అరిచింది. ఫర్ నో రీజన్.” కాగితం చాపింది.

అనంతలక్ష్మి చూసింది. సగం, మూడో వంతు. జవాబు ఐదింట రెండు. చుట్టూ ఎర్ర సున్నా. ఎక్కడ తప్పిందో, దాన్ని ఏ మాటతో విప్పి చెప్పాలో ఆమెకు ఆ క్షణంలోనే తోచింది. రెండు నిమిషాల పని.

“నో రీజన్ కదా మమ్?”

“ఊరికే అరవడమేంటి? ఆవిడకేం పనిలేదా?” అంది అనంతలక్ష్మి.

పిల్ల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది.

“టీచర్‌కి చెప్పవు కదా?”

ఏ టీచరుకని ఆమె అడగలేదు. “చెప్పను,” అంది.

బయట హారన్ మోగింది. కాగితం దిద్దకుండానే బల్ల మీద పెట్టి, అనంతలక్ష్మి బూట్లు తొడుక్కుంది.