కెమెరా లేని గది

ఇది నిజం. కల్పించి చెప్పే తెలివే ఉంటే సోలార్ పార్కులో నైట్ డ్యూటీ ఎందుకు చేస్తాను? మా వైపు, మాట నిజమని చెప్పాలంటే కర్పూరం వెలిగించి, చేత్తో ఆర్పి ప్రమాణం చేస్తారు. ఆ రాత్రి గురించి ఏ గుడి ముందైనా ఆర్పుతాను... ఒక్క విషయానికి తప్ప. అదేమిటో చివర్లో మీకే తెలుస్తుంది.

నా పేరు ఆదెప్ప. మాది పావగడ తాలూకా వల్లూరు. వేరుశనగ పండే మా చేనును సోలార్ పార్కుకు గుత్తకిచ్చాం. నాకు కంట్రోల్ రూములో కంప్యూటర్లు చూసే పని దొరికింది. పంట కోశాక మా చేలల్లో గొర్రెలు మేపుకునే ఈరన్నకు సెక్యూరిటీ యూనిఫాం దొరికింది. బంధువు కాదు. కానీ నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ను మామా అనే పిలుస్తాను.

ఆ రాత్రికి ముందు రాత్రి ఎవరో కంచె పక్కన రాగి కేబుల్ కోసుకుపోయారు. ఆ వైపు కాపలా మామదే. కొత్త కేబుల్ వేయడానికి మర్నాడు సాయంత్రం కరెంటు ఆపేశారు. నేనూ సర్వర్ ఆపాను. ఎలాగూ ఆగింది కదా అని, నెల రోజులుగా డబ్బాలో పడి ఉన్న కొత్త నెట్‌వర్క్ కార్డు తీసి అందులో బిగించాను. ఎవరినీ అడగలేదు. ఎవరికీ చెప్పలేదు.

రాత్రి పదకొండు దాటింది. సూపర్వైజర్ వీరభద్ర వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు. వాళ్ల మధ్య, కాలర్ చిరిగిన మామ.

"ఏమప్పా ఆదెప్పా, నిన్న రాత్రి రికార్డింగు తీయి. ఈడు యాడ ఉన్నాడో చూడాల."

"సార్, కరెంటు వచ్చినాక అది లేస్తా లేదు. చూస్తాండా."

"చూడు, చూడు. అది లేసేదాకా మేము ఈన్ని అడుగుతాంటాం."

"నేను తీయలేదు సామీ," అన్నాడు మామ. "యాడికి పిలిచినా వస్తా. కర్పూరం ఆర్పి చెప్తా."

వీరభద్ర నవ్వాడు. "కర్పూరం యాల? కెమెరా చెప్తాది. అంతవరకూ కట్టె చెప్తాది."

పక్కనే బ్యాటరీ రూము. మధ్యలో ఒకటే పల్చటి గోడ. తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత... ఠంగ్. ప్యానెళ్లు కడిగే బ్రష్షుకు పొడవాటి అల్యూమినియం కర్ర ఉంటుంది. లోపల డొల్ల. బ్రష్షు పీకేసి, దాంతో కొడుతున్నారు.

మామ అరుపు వినిపించింది. నా వేళ్లు కీబోర్డు మీదే ఉండిపోయాయి.

ఆ సర్వర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఉన్నది ఒక పెద్ద కంప్యూటరే. దాని లోపల, నిజంగా లేకుండానే పనిచేసే రెండు కంప్యూటర్లు. వర్చువల్ మెషీన్లు అంటారు. ఒకటి ప్యానెళ్లను చూస్తుంది, ఒకటి కెమెరాలను. కెమెరాల బొమ్మలు దాచే నాలుగు డిస్కులు ఒక కంట్రోలర్ కార్డుకు తగిలించి ఉంటాయి. ఆ కార్డును పెద్ద కంప్యూటర్ ముట్టుకోదు, నేరుగా కెమెరాల మెషీన్‌కే అప్పగిస్తాం. దాని పేరు పాస్‌త్రూ. చేను గుత్తకిచ్చినట్టు. ఇచ్చాక సొంతదారుడు కూడా అందులో కాలు పెట్టకూడదు. మా ఊరి వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు.

ఆ రాత్రి పెద్ద కంప్యూటర్ ఆ కార్డును తనే పట్టుకుని కూర్చుంది. కెమెరాల మెషీన్ లేవగానే ఎర్రక్షరాలు చూపించి ఆగిపోతోంది.

కార్డు చెడిపోయిందేమో అనుకున్నాను. కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను. ఠంగ్. చేతులు చెమటపట్టి స్క్రూ జారిపోయింది. ఠంగ్... ఠంగ్. "అమ్మా" అన్నాడు మామ. యాభై దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా.

లేచి ఆ తలుపు తోసి "ఆపండి సార్" అనాలి కదా? మీరూ అదే అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. ఇంకో ఐదు నిమిషాల్లో రికార్డింగు దొరికితే వాళ్లే ఆపుతారులే అని కూర్చున్నాను. అలాంటి ఐదు నిమిషాలు ఎన్ని గడిచాయో నాకే తెలుసు.

అప్పుడు వెలిగింది బుర్ర. కొత్త నెట్‌వర్క్ కార్డు! ప్రతి కార్డుకూ కంప్యూటర్ లోపల ఇంటి నంబరు లాంటిది ఒకటుంటుంది. నేను మధ్యలో కొత్తది దూర్చేసరికి నంబర్లు జరిగిపోయాయి. కెమెరాల మెషీన్ పాత నంబరు తలుపే కొడుతోంది. అక్కడ ఇప్పుడు వేరేవాళ్లున్నారు. నేను తగుదునమ్మా అని పెట్టిన కార్డుకు పక్క గదిలో మామ దెబ్బలు తింటున్నాడు.

నంబరు మార్చాను. డిస్కుల కార్డును వదిలెయ్యమని పెద్ద కంప్యూటర్‌కు ఆజ్ఞ ఇచ్చాను. వదిలేసింది. కెమెరాల మెషీన్ ఇంకా ఆగే ఉంది. అంటే ఆ నిమిషాన ఆ డిస్కులు ఎవరి చేతిలోనూ లేవు. చదివేవాడు లేడు. రాసేవాడూ లేడు.

గడియారం చూశాను. పన్నెండూ నలభై.

ఠంగ్.

నాలుగు డిస్కుల లైట్లు... ఒక్కసారిగా... వెలిగాయి.

ఆరిపోయాయి.

ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు.

ఠంగ్.

మళ్లీ వెలిగాయి. నాలుగూ. ఏదో రాసుకుంటున్నట్టు లోపల చిన్న కరకర... ఆగింది.

దెబ్బ పడితే వెలుగుతున్నాయి. పడకపోతే చీకటి. ఒకసారి చాలాసేపు దెబ్బ పడలేదు. లైట్లూ ఆగిపోయాయి. మామ చచ్చిపోయాడనుకున్నాను. అప్పుడు సన్నగా దగ్గు వినిపించింది. నాలుగింటిలో ఒక్క లైటు, మినుకుమంది.

ఎంతసేపు అలా చూశానో తెలియదు. తేరుకుని మెషీన్ స్టార్ట్ చేసేసరికి పన్నెండూ యాభై ఏడు. ఈసారి లేచింది. నిన్న రాత్రి రికార్డింగు తెరిచాను. కంచె అవతల జీపు. కేబుల్ లాగుతున్న ఇద్దరు, మొహాలకు గుడ్డలు. టార్చి పట్టుకుని, అరుస్తూ వాళ్ల వెంట పరుగెత్తుతున్న మామ.

"సార్!" అని గోడ మీద గుద్దాను. వీరభద్ర వచ్చి చూశాడు. కర్రను గోడకు ఆనించాడు. చివర రక్తం, వెంట్రుకలు.

"సరేలే, పొరపాటు అయినాది. ఈన్ని ఆస్పత్రికి తోలండ్రా. టీ ఏమన్నా ఉండాదా?"

వాళ్లు మామను మోసుకుపోయారు. నేను ఒక్కణ్నే మిగిలాను. ఫైళ్లు మూయబోతుంటే అడుగున ఇంకోటి కనబడింది. పన్నెండూ నలభై నుంచి పన్నెండూ యాభై ఏడు వరకు. ఏ మెషీనూ ఆ డిస్కులను ముట్టుకోని పదిహేడు నిమిషాలు.

తెరిచాను.

బ్యాటరీ రూము. ఆ గదికి కెమెరా లేదు. ఎప్పుడూ లేదు. బొమ్మ మాత్రం పైమూల నుంచి, స్పష్టంగా. నేల మీద మామ. కర్ర లేస్తోంది, పడుతోంది. తలకు చేతులు అడ్డం పెట్టుకుంటే చేతుల మీద. శబ్దం లేదు. తలుపు జానెడు తెరిచి ఉంది. ఆ సందులో ఎవరో నిలబడి చూస్తున్నారు. కదలడం లేదు. వెనక్కి తిరిగేటప్పుడు వెలుతురు మొహం మీద పడింది.

నా మొహమే.

నేను కుర్చీలోంచి లేవలేదు. కంట్రోల్ రూములోకి వచ్చేటప్పుడు చెప్పులు గుమ్మం బయట విడిచాను. ఆ తెల్లవారుజామున చూస్తే, ఒకటి అక్కడే ఉంది. రెండోది బ్యాటరీ రూము తలుపు దగ్గర. మామను మోసుకెళ్లేటప్పుడు ఎవరి కాలికో తగిలి ఉంటుంది. ఉంటుంది కదా?

ఆ ఫైలు చెరిపేశాను. భయంతోనే. దయ్యమంటే భయమో, నేనంటే భయమో... తర్వాత ఊళ్లో కేసు పెడదామన్నారు. సాక్ష్యం ఏదని స్టేషన్‌లో అడిగారు. ఆ గదికి కెమెరా లేదు కదా. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

పావగడ ఆస్పత్రిలో మామను చూడ్డానికి పోయాను. కుడిచేయి వేళ్లు మూడు విరిగాయి. ఎడమ చెవి ఇక వినబడదట. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"అల్లుడూ, తలుపు కాడికి వచ్చినావు గదా. నన్ను చూసినావు గూడా. మళ్లీ ఎనక్కి యాల పోయినావు?"

"లేదు మామా. నేను కుర్చీలో నుంచి లేయనే లేదు."

"సరేలేప్పా" అన్నాడు. అటు తిరిగి, వినబడే చెవిని దిండుకు ఆనించి పడుకున్నాడు.

లేవలేదనే ఇప్పటికీ అంటున్నాను. కర్పూరం ఆర్పమని మాత్రం అడగకండి.