భయపడ్డ దున్న తరఫున బాబినత్త

ఆ నెలలో బాబినత్త దగ్గరికి కొలతలివ్వడానికి వెళ్ళినవాళ్ళెవరూ ఒక సినిమా గురించి వాదన వినకుండా బయటపడలేదు. మెడ చుట్టూ టేపు పడుతుంది. ఆమె నోట్లో మూడు గుండుసూదులుంటాయి. వాటి సందులోంచే, "దున్న సినిమా చూశారా?" అని అడుగుతుంది. చూశామన్నవాళ్ళకి ఒక చిక్కు, చూడలేదన్నవాళ్ళకి రెండు.

"పుస్తకంలో లేనివన్నీ పెట్టారమ్మాయ్," అన్నాడు లెక్కల మాస్టారు, రెండు చేతులూ చాచి నిలబడి.

"అన్న చొక్కా తమ్ముడికి వెయ్యాలంటే చేతులు మడవాలా వద్దా మాస్టారూ?"

"మడవాలి."

"భుజాలు దించాలా వద్దా?"

"దించాలి. కానీ వీళ్ళు చొక్కాని విప్పి లాగు కుట్టారు."

బాబినత్త టేపు బిగించింది. మాస్టారు ఊపిరి బిగపట్టాడు. ఆ చొక్కా ఈనాటికీ ఆయన ఊపిరి పీల్చనప్పుడు మాత్రమే సరిపోతుంది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అన్న ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని ఇరవై రెండేళ్ళయింది. బాబిన్లో దారం అయిపోతే ఎంతటి మాటనైనా మధ్యలో ఆపి దారం చుట్టుకుంటుంది. చుట్టడం అయ్యాక ఆపిన చోటి నుంచే ఎత్తుకుంటుంది. అందుకే ఆ పేరు. మిషను పక్కన ఒక పొట్టి పీట ఉంటుంది. అది మేనకోడలిది.

మేనకోడలికి పదకొండేళ్ళు. బడి నుంచి రాగానే ఆ పీట మీద కూర్చుని రోజుకో అధ్యాయం పైకి చదివి వినిపించడం దాని అలవాటు. అత్తకి చదవడం రాక కాదు. "ఉన్న రెండు కళ్ళూ సూదికే చాలట్లేదు, పుస్తకానికి ఇంకో రెండు ఎక్కణ్ణించి తేనే?" అంటుంది. ఆ పిల్ల గొంతులో ఆమె ముప్పైకి పైగా పుస్తకాలు విన్నది. అందులో ఒకదాన్ని పధ్నాలుగు సార్లు.

ఆ ఒక్కటీ దున్న పుస్తకం. ఒక ఊరి ప్రతిధ్వనులన్నిటినీ ఎవడో దొంగ ఎత్తుకుపోతాడు. బావిలోకి అరిచినా, కొండకేసి అరిచినా తిరుగు మాట రాదు. ఒక అమ్మాయి ఒళ్ళంతా బొచ్చున్న పెద్ద దున్ననెక్కి, దొంగ కోటలోకి దూసుకెళ్ళి, వాటిని గోనె సంచుల్లో వెనక్కి తెస్తుంది. ఆ దున్నకి భయమంటే ఏమిటో తెలీదు. మొసళ్ళున్న మడుగులో తాపీగా నీళ్ళు తాగుతుంది. పక్కనే పిడుగు పడితే ఆవలిస్తుంది. ఆ పేజీ వచ్చినప్పుడల్లా మేనకోడలు ఆవలించి చూపించేది. దాన్ని చూసి అత్తా ఆవలించేది. అత్తని చూసి, గుండీలు పెట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఆవలించేవారు.

ఆ పుస్తకాన్ని సినిమా తీసేవాళ్ళు కిందటేడు పక్క వీధిలో ఒక గోదాము అద్దెకి తీసుకున్నారు. వాళ్ళ దర్జీ మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఎవరో బాబినత్త పేరు చెప్పారు. లోపల ఇద్దరు మనుషులు దూరి నడిపే దున్న తొడుగు. నాలుగు రోజులు గడువు. "మా అత్తే కుడుతోంది. దున్నని," అని మేనకోడలు బడిలో చెప్పని మనిషి లేడు.

బొచ్చుగుడ్డ కుట్టేవాళ్ళకి మొదటి పాఠం ఒకటుంది. ఒక వైపుకి నిమిరితే బొచ్చు నున్నగా పడుకుంటుంది, రెండో వైపుకి నిమిరితే లేచి నిలబడుతుంది. బాబినత్త దాన్ని వాలు అంటుంది. ముక్కలన్నీ ఒకే వాలులో కోయాలి. ఆమెకిది నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ ఆ గుడ్డ పొడవు ముందు గదిలో పట్టలేదు. గడప దాటించి వంటగది దాకా పరిచింది. తల, కాళ్ళు ముందు గదిలో కూర్చుని గీసింది. ఒళ్ళు గియ్యడానికి వంటగదిలోకి వెళ్ళింది. అక్కడ వదిన, "పొయ్యి దగ్గర ఆ బొచ్చేంటమ్మా, కాస్త అటు జరుగు," అంది. బాబినత్త అటు జరిగి, ఇటు తిరిగి కూర్చుని, ఆ వైపు నుంచి సుద్దముక్కతో గీసుకుపోయింది. అంతే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. కత్తెర జారిన సంగతి ఆ సామెత కట్టినవాళ్ళకి తెలిసినట్టు లేదు.

మేనకోడలు బడి నుంచి వచ్చేలోపే దున్నని గోదాముకి తీసుకెళ్ళిపోయారు. అక్కడ ఇద్దరు మనుషులు లోపలికి దూరి నిలబడ్డారు. దున్న ముఖం మీద బొచ్చు నున్నగా, హుందాగా ఉంది. మెడ నుంచి తోక దాకా మాత్రం నిక్కబొడుచుకుని ఉంది. ముఖం 'నాకేం భయం' అంటుంటే ఒళ్ళు 'అమ్మో' అంటోంది. బాబినత్త నీళ్ళు చల్లి దువ్వింది. ఇస్త్రీపెట్టె దూరంగా పట్టి ఆవిరి కొట్టింది. బొచ్చు ఒక్క నిమిషం మర్యాదగా పడుకుని మళ్ళీ లేచింది. మర్నాడు పొద్దున్నే షూటింగు. మిగిలిన గుడ్డ జేబురుమాలంత.

డైరెక్టరు సన్నటి మనిషి. దున్న చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బాబినత్త గోడకి అతుక్కుపోయి నిలబడింది.

"దీనికేమైందండీ?" అన్నాడాయన. ఆమె నోరు తెరిచేలోపే మళ్ళీ ఆయనే, "భయపడింది కదూ? దేన్ని చూసి?" అన్నాడు.

బాబినత్త అటూ ఇటూ చూసింది. మూలన ఒక గొడుగు కనిపించింది. "గొడుగుని చూసండీ," అంది.

డైరెక్టరు నవ్వీ నవ్వీ నేల మీద చతికిలబడ్డాడు. గంటలో కథ మారిపోయింది.

సినిమాలో దున్న గొడుగుకి భయపడుతుంది. కప్పకి భయపడుతుంది. తన తోక తనకే తగిలితే ఎవరో తట్టారనుకుని పరుగు తీస్తుంది. చివరికి దొంగ కోటలోకి వెళ్ళక తప్పనప్పుడు, ఆ కోటని చూసే ధైర్యం చాలక వెనుదిరిగి, వెనక నడకన లోపలికి వెళ్తుంది. బయటికి పోతోంది కాబోలనుకుని కాపలావాళ్ళు దారి వదులుతారు.

హాల్లో పిల్లలు పడీ పడీ నవ్వారు. మేనకోడలు ఒక్కతే నవ్వలేదు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి, "పిడుగుకి ఆవలించలేదు," అంది.

"నాకు బాగానే ఉందే," అంది బాబినత్త.

ఆ సాయంత్రం పీట ఖాళీ.

"ఏమే, ఇవాళ చదవవా?"

"ఆ సినిమా బాగోలేదని నువ్వు ఒప్పుకునేదాకా చదవను."

అప్పటికి చదువుతున్న కొత్త పుస్తకంలో ఒక అబ్బాయి చెట్టు తొర్రలో ఇరుక్కున్నాడు. ఆ తర్వాత ఇరవై రోజులపాటు ఇరుక్కునే ఉన్నాడు. ఉండబట్టలేక బాబినత్త ఒకసారి తనే ఆ పుస్తకం తెరిచి ఒక పేజీ చదివి మూసేసింది. పిల్ల గొంతు లేకపోయేసరికి ఆ అబ్బాయి ఎవరో పొరుగింటివాడిలా ఉన్నాడట.

"బాగోలేదని ఒక్క మాట అనెయ్యరాదూ? అబద్ధమైతే ఏం పోయింది?" అంది వదిన.

"అనలేను వదినా. నిజంగానే బాగుంది."

అది నిజమే. మొదటిసారి తన తప్పు ఎంత కనబడుతుందో చూద్దామని వెళ్ళింది. రెండోసారి నవ్వింది. మూడోసారి దున్న వెనక నడకన కోటలోకి వెళ్తుంటే ఏడ్చింది. నాలుగోసారి టికెట్లు చింపేవాడికి కూడా ఆ ఘట్టం గొప్పతనం వివరించింది.

"భయం లేనిదాన్నెక్కితే అది సవారీ వదినా. భయపడేదాన్నెక్కితే అది సంసారం."

వదిన ఒకసారి భర్త కూర్చున్న గది వైపు చూసి, తలూపి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

వాలు సంగతి మాత్రం బాబినత్త అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ ఆ మాట దగ్గరికొస్తే గొంతు తగ్గిస్తుంది.

ఇరవై ఒకటో రోజున మేనకోడలు ఒక కాగితం పట్టుకుని వచ్చి పీట మీద కూర్చుంది. "చదువుతా, విను," అంది. బాబినత్త చప్పున మిషను ఆపింది.

"'డైరెక్టరు గారికి. మీరు దున్నని పాడుచేశారు. మా అత్త దాన్ని చాలా బాగా కుట్టింది. మా అత్త ఇంతవరకు ఒక్క కుట్టు కూడా తప్పు వెయ్యలేదు. అంత ధైర్యమైన దున్నని కుట్టి మీ చేతిలో పెడితే మీరు దానికి పిరికితనం నేర్పారు. ఎందుకు మార్చారో జవాబు రాయండి. తిరుగు కవరు లోపల పెట్టాను. మా అత్తకి క్షమాపణ కూడా చెప్పాలి.'"

ఆ గొంతు విని ఇరవై రోజులైందేమో, బాబినత్తకి ముందు చదువు వినిపించిందే గానీ అర్థం వినిపించలేదు. తర్వాత వినిపించింది. నిండుగా ఉన్న బాబిన్ తీసి దారం చుట్టడం మొదలుపెట్టింది.

"అత్తా, అది నిండే ఉంది."

"తెలుసు. ఆ కవరు అతికించేశావా?"

"రేపు. ఇంకోసారి సరిచూడాలి."

బాబినత్త సొరుగు లాగి, జేబురుమాలంత బొచ్చుముక్క తీసి పిల్ల ఒళ్ళో వేసింది.

"ఇటు నిమురు."

"మెత్తగా ఉంది."

"ఇప్పుడటు."

బొచ్చు లేచి నిలబడింది. పిల్ల ముక్కకేసి చూసింది, అత్తకేసి చూసింది.

"ఒళ్ళు తలకిందులుగా కోశానే," అంది బాబినత్త. "తల, కాళ్ళు సరిగ్గానే వచ్చాయి. ఒళ్ళు గీసేటప్పుడు మీ అమ్మ అటు జరగమంది."

"నా మీదికి తొయ్యకు!" అని వంటగదిలోంచి వినబడింది.

"అయితే మార్చింది డైరెక్టరు కాదా?"

"లేచిన బొచ్చు చూసి భయపడిందనుకున్నాడు. నేను కాదనలేదు. గొడుగు కూడా నేనే చెప్పా."

"గొడుగు నువ్వా!"

పిల్ల ఆ ముక్కని అటోసారి, ఇటోసారి నిమిరింది. బాబినత్త తిట్లు తినడానికి సిద్ధపడి, ముందు జాగ్రత్తగా సూదుల డబ్బా దూరం పెట్టింది. ఉన్నట్టుండి పిల్ల పీట మీంచి ఎగిరి లేచింది.

"అయితే దున్న భయపడలేదు!"

"ఏంటీ?"

"ముఖం సరిగ్గానే కోశావుగా! ముఖంలో భయం లేదు. ఉత్త గుడ్డ తిరగబడింది, అంతే. అందరూ దాన్ని అపార్థం చేసుకున్నారు. అది పుస్తకంలో దున్నే అత్తా! సినిమా ఏం మార్చలేదు!"

"మరి కప్పని చూసి పరిగెత్తిందే?"

"కప్పని తొక్కకూడదని."

"గొడుగో?"

"వానొస్తుందని చెబుతోంది."

"వెనక్కి నడిచి కోటలోకెళ్ళిందే, అదో?"

"కాపలావాళ్ళని బోల్తా కొట్టించడానికి. తెలివది."

బాబినత్తకి ఒళ్ళు మండింది. ఊళ్ళోవాళ్ళ మెడలకి టేపు వేసి మరీ కాపాడుకొచ్చిన భయం అది.

"ఏం కాదు! అది భయపడింది. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వెళ్ళింది. నాలుగుసార్లు చూశాను, నాకు తెలీదా? మీ పుస్తకంలో దానికంటే ఇదే గొప్పది!"

"బొచ్చు తప్పని నువ్వే అన్నావు!"

"బొచ్చు తప్పు. భయం నిజం."

"అదెలా కుదురుతుంది?"

"కుదిరింది, కళ్ళారా చూశావుగా!"

వదిన గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. "ఇద్దరూ సినిమా బాగుందనేగా అంటున్నారు? మళ్ళీ గొడవేంటి?"

"నువ్వుండమ్మా!" "మీకు తెలీదు వదినా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

మేనకోడలు లోపలికి పరిగెత్తి, అట్టలూడిన దున్న పుస్తకం పట్టుకొచ్చింది. "ఇందులోనే ఉంది. అవసరమైతే దున్న భయపడ్డట్టు నటిస్తుందని మూడో అధ్యాయంలో ఉంది."

"పధ్నాలుగుసార్లు విన్నాను. నాకెక్కడా వినపడలేదే?"

"మొదట్నుంచీ చదువుతా. ఈసారి సరిగ్గా విను."

పీట మిషను దగ్గరికి జరిగింది. ఉత్తరం ఎటో దొర్లి బల్ల కిందికి పోయింది. బాబినత్త కాలు ఆడిస్తూ, వాక్యం వాక్యానికీ అడ్డుపడుతూ విన్నది. మూడో అధ్యాయం అయిపోయేసరికి బయట వీధి దీపాలు వెలిగాయి. అందులో అలాంటి ముక్క ఎక్కడా లేదని తేలింది.

"అయితే నాలుగులో ఉండాలి," అంది మేనకోడలు పేజీ తిప్పుతూ.

"ఉండే ఉంటుంది. కానీయ్," అంది బాబినత్త.