ఉతికిన చొక్కా

ఆయన పేరు నేను అడగలేదు. రావులపాలెంలో అమలాపురం బస్సెక్కితే పక్కసీటు దొరికింది, అంతే పరిచయం. కొత్తపేట దాటగానే ఆ పెద్దాయన ఒంటిమీది చొక్కా విప్పేసి, కవరులోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కోసాగాడు.

“ఈ వయసులో పెళ్ళిచూపులాండీ?” అన్నాను.

“మా అమ్మాయి కోళ్ళఫారానికండి. మా వీధిలో కోళ్ళకి తెగులుందండి. ఆ బట్టలతో వెళ్ళకూడదు.”

పోయినేడు కూడా ఊళ్ళో కొక్కెర తెగులొచ్చిందట. పందెం పుంజును కాపాడుకుందామని సంచీలో పెట్టి తీసుకెళ్ళి, కూతురి ఫారంలో దాచాడట.

“పుంజు బతికిందండి. అమ్మాయి ఫారంలో కోళ్ళన్నీ పోయేయండి. ఒక్కమాట అనలేదండి అమ్మాయి. మళ్ళీ ఇప్పుడే ఫారంలో కోడిపిల్లల్ని వేసింది.”

నాకు ఒళ్ళు మండింది. “పుంజుకి బాదంపప్పులు నూరి పెడతారు! తెగులొచ్చిన ఊరినుంచి కోడిని కదపకూడదని తెలీదాండీ?”

“ఆయ్, ఎవరూ చెప్పలేదండి.”

నిజమే. కోళ్ళు చచ్చేక గొయ్యి తీసి పాతెయ్యమని మైకుల్లో అరిచేవాళ్ళకి, బతికున్నప్పుడు ఆ ఒక్కమాట చెప్పడానికి నోరు రాలేదు. ఆ కోపమంతా నేను ఆయనమీద చూపించాను.

స్టాపులో కూతురు ఎదురుచూస్తోంది. మెట్లు దిగుతున్న తండ్రికి నవ్వుతూ చెయ్యందించింది. ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

“ముట్టుకోకమ్మా. ముందు కడుక్కోనీ.”