నిండితేనే కదిలే ఆటో

బడి నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. "పిల్లలిద్దరూ ఇవ్వాళ రాలేదేంటి మేడం?" అని అడిగింది టీచర్. బాపు వాళ్ళను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళి అప్పటికి గంటన్నర. బడికి ఐదు నిమిషాల దారి. గిన్నె అక్కడే వదిలేసి వెతకడానికి పరుగెత్తాను.

మా నాన్నను నేను బాపు అనే పిలిచేదాన్ని. మెదక్ నుంచి పాపన్నపేటకు ముప్పై ఏళ్ళు షేర్ ఆటో నడిపాడు. సీట్లు నిండితేగాని బండి తీసేవాడు కాదు. నా డిగ్రీ పరీక్షల రోజుల్లో మాత్రం నన్నొక్కదాన్నే ఎక్కించుకుని తీసేవాడు. అమ్మ పోయాక మా ఇంటికి వచ్చేశాడు. సవారీలు మానేసి, మనవరాలిని, మనవడిని బడికి దింపడమే పనిగా పెట్టుకున్నాడు. బయల్దేరే ముందు రేకు మీద రెండుసార్లు తట్టేవాడు. పిల్లలు "కూసున్నం తాతా!" అని అరిస్తేనే కదిలేవాడు.

ఆ రోజు వాళ్ళు పాపన్నపేట ఆటోలు ఆగే చోట దొరికారు. పిల్లలు వెనక సీట్లో బిస్కెట్లు తింటున్నారు. బాపు రోడ్డు వైపు చూస్తున్నాడు.

"బాపూ, గీడ ఏం జేస్తున్నవ్? బడి టైమైపోలేదా?"

"ఇద్దరే ఉన్నరు బిడ్డా. ఇంకా ఆరుగురు రావాలె. నిండకుండ ఎట్ల తీస్త? డీజిల్ నువ్వు పోస్తవా?"

పక్క ఆటో అతను నవ్వాడు. "పొద్దుగాల్నుంచి లైన్ల ముందుగాల నిలబడ్డడక్కా. జర జరుగు పెద్దమనిషీ అంటె నన్నే తిడుతుండు."

బాపు కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

దవాఖానలో మతిమరుపు జబ్బన్నారు, ఇక బండి ఇవ్వొద్దన్నారు. ఆ మాట ఆయన మొహం మీద చెప్పలేక, ఆటో తాళంచెవి పోయిందన్నాను. గేటు తాళంచెవితో కలిపి నల్లదారానికి కట్టి, మెడలో వేసుకుని జాకెట్ లోపల దాచాను.

ఏడు నెలలు ఆయన దాన్ని వెతికాడు. పిల్లలూ ఆయన వెంట వెతికారు. బియ్యం డబ్బాలో, దిండ్ల కింద, చెప్పుల్లో. "మీ అమ్మ పెండ్లినాడే మెట్టెలు పోగొట్టుకున్నది. దాని చేతికి ఏమిచ్చినా గంతే," అని వాళ్ళను నవ్వించేవాడు. నేనూ వంగి మంచం కింద చూసేదాన్ని. వంగినప్పుడల్లా ఆ ఇనుప ముక్క ఛాతీకి తగిలేది.

గేటుకు తాళం వేస్తే లోపల ఉండిపోయింది ఆయన ఒక్కడే కాదు. ఆయన్ను వదిలి పాల ప్యాకెట్టుకు కూడా వెళ్ళలేకపోయేదాన్ని. పిల్లలను మా ఆయన బైకు మీద తీసుకెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే. బాపు వాకిట్లో ఆగిన ఆటోలో కూర్చుని రేకు మీద తట్టేవాడు. జవాబు రాకపోతే మళ్ళీ తట్టేవాడు. పొయ్యి మీద కూర మాడుతున్నా వెళ్ళి వెనక కూర్చుని "కూసున్నం బాపూ" అనేదాన్ని.

"ఇంకా నిండాలె," అనేవాడు.

అలా ఇద్దరం మూసిన గేటు వైపు చూస్తూ ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నామో. ఒక్కసారి మాత్రం వెనక్కి తిరిగి, "తాళం నీకాన్నే ఉన్నదా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు.

లేదన్నాను.

పోయిన నెల నిద్రలోనే పోయాడు. నిన్న సాయంత్రం చిన్నవాడు ఆటో సీటు కింద చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు. ఎందుకురా అంటే, "దొర్కితే తాత ఫోటో కాడ పెడ్త. సంబరపడ్తడు," అన్నాడు.

రాత్రి ఇక్కడిదాకా రాసి ఆపాను. తాళంచెవి అప్పటికింకా నా మెడలోనే ఉంది. చెబితే ఈ పిల్లలు ఇక నా మాట నమ్ముతారా అని దారం రెండుసార్లు పట్టుకుని వదిలేశాను.

పొద్దున ఇద్దరినీ ఆటోలో కూర్చోబెట్టి, తాళంచెవి తీసి చిన్నవాడి చేతిలో పెట్టాను.

"ఇది పోలేదు. నాకాన్నే ఉండె. తాత మిమ్మల్ని ఏడికన్న తీస్కపోతడని భయమై దాచిన. తాతకు అబద్ధం చెప్పిన, మీకు గూడ చెప్పిన. మీరు మంచిగనే దేవులాడిన్రు. దొరకకపోవుడు మీ తప్పు గాదు."